గేటు బయటివాళ్ళ లెక్క

మా శ్రీకాకుళం వైపు పాతకాలం వాళ్ళ నోట 'రంగం' అంటే నాటకాల రంగం కాదు, యుద్ధరంగమూ కాదు. రంగూన్. "ఆడి తాత రంగం ఎల్లి సంపాదించినాడు" అనేవారు. ఆ రంగం ఎక్కడుందో చిన్నప్పుడు నాకు తెలియదు, అడగాలనీ తోచలేదు. తర్వాత ఉద్యోగాల వేటలో పడ్డాక బ్యాంకు పరీక్షల ప్రకటనలు వరసగా చదివేవాణ్ణి. వయోపరిమితి సడలింపుల జాబితాలో ఎక్కడో కింద, 1963 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ బర్మా నుంచి తిరిగివచ్చిన భారత సంతతి వారికి ఇన్నేళ్ళు అని ఉండేది. ఆ తేదీ ఏమిటి, వాళ్ళు ఎందుకు తిరిగొచ్చారు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు వర్తించని గడి కదా, కళ్ళు దాని మీంచి జారిపోయేవి.

2017 డిసెంబరులో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని మీద అమెరికా నుంచి యాంగోన్ వెళ్ళాను. మూడు వారాల పని. బస లమ్మడాలో. లమ్మడా అంటే బర్మీస్ భాషలో రాచబాట. తెల్లదొరల కాలంలో ఆ వీధికి గాడ్విన్ రోడ్డని పేరు. పాత నగరానికి పడమటి వైపున్న పేట అది. దక్షిణాన నది, వాడాన్ జెట్టీ. తూర్పున లాతా, చైనావాళ్ళ బజార్లు. పైకి వెళ్తే మ్యోమా చౌంగ్ వీధి, అందులో దేశంలోకెల్లా పేరున్న వైద్య విశ్వవిద్యాలయం‑1. ఉదయం నడకకి వెళ్ళినప్పుడల్లా ఆ గేటు ముందు నుంచి వెళ్ళేవాణ్ణి. తెల్లకోట్లు చేతిమీద వేసుకుని, జడల్లో పూలు పెట్టుకుని అమ్మాయిలు, లుంగీలు సర్దుకుంటూ అబ్బాయిలు లోపలికి పోతుండేవారు. పరాయి దేశంలో అడుగుపెట్టగానే మనవాడెవడైనా ఉన్నాడా అని మొహాలు వెతకడం మనకో జబ్బు కదా! నేనూ వెతికాను. నాలుగు రోజులు వెతికాక, అసలు ఈ ఊళ్ళో మనవాళ్ళ పిల్లలు చదువుకున్నది ఎక్కడ, ఎలా చదువుకున్నారు, తోటి పిల్లల మధ్య వాళ్ళకి భయం లేకుండా గడిచిందా అన్న ప్రశ్న పట్టుకుంది. సాయంత్రాలు హోటల్లో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చాక కూడా ఆ చదువు ఆగలేదు.

మనవాళ్ళు రంగం వెళ్ళిన కథ కొంత మీకూ తెలిసే ఉంటుంది. 1852లో బ్రిటిష్ వాళ్ళు రంగూన్ పట్టుకున్నారు. ఆ తర్వాత ఐరావతి డెల్టా అంతా వరిసాగు పెరిగింది. మిల్లుల్లో ధాన్యం ఆడించడానికి, రేవులో బస్తాలు మొయ్యడానికి మనుషులు కావాలి. మేస్త్రీలు ఊళ్ళ మీద పడి అడ్వాన్సులిచ్చి జనాన్ని పోగుచేసేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కించేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాడికి 'కోరంగీ' అన్న పేరు స్థిరపడింది. మొదట్లో అది ఊరి పేరు. తర్వాత కూలివాడి పేరు. ఆ తర్వాత తిట్టు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరం జనం నాలుగు లక్షలు, అందులో భారతీయులు రెండు లక్షల పన్నెండు వేలు. అంటే బర్మా రాజధానిలో బర్మా వాళ్ళే మైనారిటీ. ఈ సంగతి మరిచిపోతే తర్వాత జరిగినదంతా ఒకవైపు కథే అవుతుంది. తన ఊళ్ళో తనకే పని దొరకని బర్మా యువకుడి కోపం ఉత్తినే పుట్టింది కాదు.

ఆ కోపం 1930 మే నెలలో రేవులో బద్దలైంది. గాంధీగారిని అరెస్టు చేసిన రోజులవి. తెలుగు రేవుకూలీలు సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారం కాగానే మే 26న పాతవాళ్ళని పిలిచి, కొత్తవాళ్ళని ఇక మీతో పనిలేదు పొమ్మన్నాయి. పెళ్ళాలు తెచ్చిన అన్నం క్యారేజీలతో పనికొచ్చిన మనుషులు ఉత్త చేతుల్తో నిలబడ్డారు. మాటామాటా పెరిగింది. రోజుల తరబడి వీధుల్లో కత్తులు లేచాయి. చచ్చిపోయినవాళ్ళు వందకు పైమాటే, అందులో ఎక్కువమంది మనవాళ్ళు. కంపెనీల ఆఫీసులకి మాత్రం ఏమీ కాలేదు.

ఇంత జరిగాక తెలివైన భారతీయ కుర్రాడు రంగూన్ కాలేజీలో కాలుపెట్టాలంటే భయపడి ఉండాలి, కాదా? ఇక్కడే నాకో ఆశ్చర్యం ఎదురైంది.

నేను రోజూ నడిచిన మ్యోమా చౌంగ్ అన్న పేరుకి మ్యోమా బడి వీధి అని అర్థం. ఆ బడి పుట్టుకకి కారణం ఒక విద్యార్థి సమ్మె. 1920 డిసెంబరులో రంగూన్ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, దాని చట్టంలో హాస్టల్లోనే ఉండితీరాలనీ, ఇంగ్లీషు తక్కువైనవాళ్ళకి అదనంగా ఒక ఏడాది చదువనీ నిబంధనలుండేవి. అంటే డబ్బూ ఇంగ్లీషూ ఉన్నవాడికే గేటు తెరుచుకుంటుంది. పదకొండుమంది విద్యార్థులు షెడగాన్ పగోడా దగ్గర కూర్చుని సమ్మె తీర్మానం చేశారు. ఆ సమ్మె నుంచే దేశమంతా జాతీయ పాఠశాలలు పుట్టాయి, మ్యోమా వాటిలో ఒకటి. నేటికీ మయన్మార్ జాతీయ దినోత్సవం ఆ సమ్మె జ్ఞాపకమే. ఒక దేశం తన జాతీయ పండగని కాలేజీ గేటు దగ్గరి అన్యాయం మీద జరిగిన సమ్మెకి ముడివేసుకోవడం ఎంత గొప్ప సంగతో చూడండి.

తర్వాత 1936. విద్యార్థి సంఘం నాయకుడు ఊ నూని, సంఘ పత్రికలో ఒక వ్యాసం ఎవరు రాశారో చెప్పనన్నందుకు ఆంగ్ సాన్‌ని యూనివర్సిటీ వెళ్ళగొట్టింది. ఫిబ్రవరిలో సమ్మె మొదలైంది. ఆ సమ్మె నాయకుల్లో భారతదేశంలో పుట్టిన రషీద్ ఒకడు. 1930 అల్లర్లకి ఆరేళ్ళ తర్వాత, 1938 అల్లర్లకి రెండేళ్ళ ముందు, బర్మా విద్యార్థులు ఒక భారతీయుణ్ణి తమ నాయకుడిగా ఒప్పుకున్నారు. మూడు నాలుగు మైళ్ళ దూరంలో రేవులో పేరు వినగానే కత్తి తీసిన ఊరే. కానీ కాలేజీలో ఒకే హాస్టల్లో పడుకుని, ఒకే బల్ల మీద తిని, ఒకే వార్డెన్ని తిట్టుకున్న కుర్రాళ్ళకి అతను 'మావాడు' అయ్యాడు. స్వతంత్రం వచ్చాక 1950లలో ఊ నూ ప్రభుత్వంలో మంత్రి కూడా అయ్యాడు.

నాకు అర్థమైనదేమంటే, క్యాంపస్ అనేది ఊరికంటే మంచిగా ఉండగలదు. అల్లర్ల మధ్య కూడా. కాకపోతే ఒక షరతు. ఇద్దరూ గేటు లోపల ఉండాలి.

ఆ తర్వాత ఒక్కొక్క తలుపూ మూతబడింది. 1938 జూలైలో మతం విషయమై ఒక పుస్తకం మీద మొదలైన గొడవ దేశమంతా పాకి మళ్ళీ భారతీయుల మీద పడింది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. 1942లో సుమారు ఐదు లక్షలమంది భారతీయులు దేశం వదిలిపెట్టారు. ఓడల్లో చోటు దొరకని పేదలు కొండలూ అడవులూ పట్టి నడిచారు. వేలకొద్దీ దారిలోనే పోయారు. 1962 మార్చి 2న జనరల్ నేవిన్ అధికారం లాక్కున్నాడు. జూలై 7న యూనివర్సిటీలో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపింది. మర్నాడు తెల్లవారుజామున విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఆంగ్ సాన్, ఊ నూ, రషీద్ వంటివాళ్ళని దేశానికిచ్చిన సంఘం అది. ఒక మైనారిటీ కుర్రాడు నాయకుడు కాగలిగిన చోటు అలా రాళ్ళగుట్ట అయింది.

1964లో దుకాణాలు జాతీయం చేశారు, యాభై, వంద చాట్ నోట్లు రద్దు చేశారు. 1965లో ప్రైవేటు బడులూ ప్రభుత్వపరమయ్యాయి. ఓడలు మళ్ళీ మనవాళ్ళతో నిండాయి, ఈసారి ఇటువైపు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఎన్నోసార్లు ఆటోలో దాని పక్క నుంచి వెళ్ళాను. బ్యాంకు ప్రకటనల్లో నేను దాటేసిన '1963 జూన్ 1' ఇదే. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. 1967 జూన్‌లో బడుల్లో మావో బ్యాడ్జీలు పెట్టుకుంటామన్న చైనా పిల్లలతో మొదలైన గొడవ ఊరిమీదికొచ్చి, రంగూన్ చైనావాళ్ళ ఇళ్ళూ కొట్లూ తగలబడ్డాయి. ఇక మిగిలిన మైనారిటీలు తలవంచుకుని, బయటికి బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు పెట్టుకుని బతకడం నేర్చుకున్నారు.

చివరి తలుపు 1982 అక్టోబరు 15. ఆరోజు వచ్చిన పౌరసత్వ చట్టం ప్రకారం 1823కి ముందు నుంచీ ఉన్న జాతుల వారసులు పుట్టుకతోనే పౌరులు. మిగిలినవాళ్ళలో 1948 చట్టం కింద దరఖాస్తు పెట్టుకున్నవారు అసోసియేట్ పౌరులు, స్వతంత్రానికి ముందు వచ్చినట్టు రుజువులు చూపగలిగినవారు నాచురలైజ్డ్ పౌరులు. 1989 నుంచి కార్డులిచ్చారు. పౌరుడికి గులాబీ, అసోసియేట్‌కి నీలం, నాచురలైజ్డ్‌కి ఆకుపచ్చ. బయటి మూలాలున్నవాళ్ళ చేతికి కీలకమైన పదవులు ఇవ్వలేమని చట్టానికి వారం ముందే నేవిన్ తన ప్రసంగంలో చెప్పాడు. ఆ మాట కాలేజీల దాకా వచ్చింది. పూర్తి పౌరసత్వం లేనివాళ్ళకి వైద్యంలో, సాంకేతిక విద్యల్లో పైచదువులు లేవని అమెరికా విదేశాంగశాఖ మానవహక్కుల నివేదికలు ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చాయి. ఒకప్పుడు ఇంగ్లీషు రాదని తమని ఆపినందుకు సమ్మె చేసి, ఆ రోజుని జాతీయ దినం చేసుకున్నవాళ్ళే, ముత్తాత ఓడలో వచ్చాడని ఇంకొకణ్ణి ఆపారు.

ఈ చట్టం గురించి నేను చదివింది తర్వాత. మొదట విన్నది మాత్రం లమ్మడాలో ఒక టీకొట్టులో, పీటంత ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని. ఫోనులో ఇంటికి మాట్లాడుతున్నాను. పక్క బల్ల దగ్గర పెద్దాయన నేను పెట్టేసేదాకా ఓపిగ్గా ఆగి, "ఏటి బాబూ, తెలుగోలా? ఏ ఊరు మీది?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ తాత కళింగపట్నం వైపు నుంచి వచ్చాడట. ఆయన ఆ ఊరు ఎన్నడూ చూడలేదు, కానీ యాస మాత్రం చెక్కుచెదరలేదు. నా తెలుగు కన్నా ఆయనదే మా ఊరి తెలుగు.

నాలుగైదు సాయంత్రాలు కలిశాం. ఒకరోజు నా ప్రశ్న అడిగేశాను. "తాతా, ఇక్కడ కాలేజీల్లో మన పిల్లల్ని ఏడిపించేవారా? కోరంగీ అనీ అదీ ఇదీ అనీ?"

ఆయన టీ ఒక గుక్క తాగి చెప్పాడు. 1990ల మొదట్లో వాళ్ళబ్బాయి పదో తరగతి ప్యాసయ్యాడు. ఆ దేశంలో ఆ మార్కుల మీదే ఏ చదువన్నది తేలుతుంది. డాక్టరు చదువుకి సరిపోయే మార్కులు. "మార్కులు చూసి సెబాసన్నారు. ఆనక కార్డు చూసినారు. నీలం కార్డుకి ఆ చదువు లేదన్నారు." ఏ కాలేజీ అని నేనడగలేదు, అన్నిచోట్లా రూలు ఒకటే. అబ్బాయి దూరవిద్యలో జువాలజీ డిగ్రీ చేసి, మందుల దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. "నువ్వు అడిగినావే, కాలేజీలో ఏడిపించినారా అని. మమ్మల్నెవులూ ఏటీ అన్లేదు బాబూ. అన్డానికి మావోడు లోపలుంటే కదా!"

ఆ మాట తర్వాత నాకు నోరు పెగల్లేదు. నా ప్రశ్నే తప్పని అప్పుడు తెలిసింది.

నా ఉద్యోగం లెక్కలూ రిపోర్టులతోనే కాబట్టి ఇది నా భాషలో చెప్తాను. డేటాబేసులో లేని మనిషి మీద ఏ రిపోర్టూ రాదు. విద్యార్థులకి భద్రంగా ఉందా, ఇది మన చోటే అనిపిస్తోందా అని ఎక్కడైనా సర్వే చేసేది లోపలున్నవాళ్ళనే. బయట ఆపేసినవాడికి ఆ కాగితం అందదు. ఒక్క మైనారిటీ విద్యార్థి కూడా లేని కాలేజీలో మైనారిటీల మీద జరిగిన అవమానాల సంఖ్య సున్నా. కాగితం మీద అంతకన్నా ప్రశాంతమైన కాలేజీ ఉండదు. 2012 అల్లర్ల తర్వాత సిట్వే విశ్వవిద్యాలయంలో రోహింగ్యా విద్యార్థుల చదువు ఆగిపోయినప్పుడు చెప్పిన కారణం కూడా భద్రతే. ఎవరి భద్రత కోసం ఎవరిని ఆపారన్నది మాత్రం ఆ లెక్కలో కనిపించదు.

అలాగని గేటు దాటితే చాలని కూడా అనుకోను. మన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయేముందు, అతనూ మరో నలుగురూ హాస్టల్ నుంచి బహిష్కరణకి గురై, ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరుపెట్టారు. గేటు లోపల ఇంకో గేటు. బర్మా వాళ్ళకి నీతులు చెప్పేముందు ఆ గుడారం కూడా గుర్తుంచుకోవాలి.

ఇక నా సంగతి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదనిపిస్తోంది.

2002లో అమెరికాలో ఎం.ఎస్.కి వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ. నా రూమ్మేటు బంగ్లాదేశ్ కుర్రాడు. నేను పప్పు, అతను చేపల కూర. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం ప్రత్యేక నమోదు అని ఒక పథకం పెట్టింది. పాతిక దేశాల జాబితా, ఒక్క ఉత్తర కొరియా తప్ప మిగిలినవన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలు. వాటి నుంచి వచ్చిన పదహారేళ్ళు దాటిన మగవాళ్ళు ఆఫీసుకి వెళ్ళి వేలిముద్రలిచ్చి, ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. 2003 మొదట్లో బంగ్లాదేశ్ పేరు చేర్చారు. భారతదేశం పేరు లేదు. ఎనభై వేలమందికి పైగా నమోదయ్యారు, పదమూడు వేలమందికి పైగా దేశం నుంచి పంపించే కేసులెదుర్కొన్నారు. ఒక్క తీవ్రవాదికి కూడా దానివల్ల శిక్షపడలేదు. చివరికి 2016 డిసెంబరులో ఆ నిబంధనలు పూర్తిగా తీసేశారు.

ఆఫీసు మూడు గంటల ప్రయాణంలో ఉన్న నగరంలో ఉంది. మా ఇద్దరిలో కారున్నది నాకే. "కొంచెం దింపుతావా?" అని అడిగాడు. ప్రాజెక్టు సబ్మిషన్ ఉందన్నాను. ఉన్న మాట నిజమే. కానీ ఆ ఆఫీసు ముందు, ఈ రంగు మొహంతో, అతని పక్కన నిలబడితే నన్నూ ఏమైనా అడుగుతారేమో అన్న భయం అంతకన్నా నిజం. అతను తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళాడు. ఆ సెమిస్టరులోనే విదేశీ విద్యార్థులకి ఒక సర్వే వచ్చింది. క్యాంపస్‌లో మీకు ఎంత భద్రంగా అనిపిస్తోంది అన్న ప్రశ్నకి 'చాలా' అని టిక్కు పెట్టాను. నాకు వర్తించని గడి మీంచి కళ్ళు జారిపోవడం బ్యాంకు ప్రకటనలప్పటి నుంచీ అలవాటే కదా.

యాంగోన్ నుంచి తిరిగొచ్చాక అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు కెనడాలో ఉన్నాడు. పదిహేనేళ్ళ తర్వాత క్షమాపణ చెప్పబోతే నవ్వాడు. "నువ్వు రాకపోవడమే మంచిదైంది, నాలుగు గంటలు కూర్చోబెట్టారు" అన్నాడు. కాసేపాగి, "కానీ తిరిగొచ్చేసరికి రాత్రయింది, స్టేషను నుంచి మంచులో నడిచొచ్చాను. అది గుర్తుంది" అన్నాడు.

2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో మళ్ళీ సైన్యం వచ్చింది. అప్పుడు ముందుగా పని మానేసి నిలబడినవాళ్ళు డాక్టర్లు. మార్చి 14న యాంగోన్‌లో సైన్యం కాల్పుల్లో చనిపోయినవాళ్ళలో, నేను రోజూ దాటిన ఆ వైద్య విశ్వవిద్యాలయం మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడున్నాడు. చైనా సంతతి కుర్రాడు. అంత్యక్రియలకి తోటి విద్యార్థులు తెల్లకోట్లు వేసుకుని వచ్చి శవపేటిక పక్కన నిలబడ్డారు. ఆ ఫొటో చూసినప్పుడు 1936 గుర్తొచ్చింది. గేటు లోపలికి రానిస్తే పిల్లలు ఒకరికొకరు అవుతారు. అది పెద్దవాళ్ళు నేర్పనక్కర్లేదు.

లమ్మడా పెద్దాయన మనవరాలికి గులాబీ కార్డు వచ్చింది. చట్టం మూడో తరానికి ఆ దారి ఒకటి వదిలింది. నేను వెళ్ళినప్పుడు ఎనిమిదో తరగతి. "డాక్టరవుతానంటాది" అన్నాడు ఆయన, మొహం పక్కకి తిప్పుకుని. సెలవు తీసుకునేటప్పుడు కళింగపట్నం ఎలా ఉంటుందని అడిగాడు. లైట్‌హౌసు ఉంది, ఓడలు మాత్రం రావు తాతా అన్నాను.